సేవా శిబిరంలో భద్రత, బాధ్యత – 4వ పాఠం: హామీ పత్రం మనల్ని కాపాడుతుందా?

కాలేజీల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) చూసే ప్రోగ్రాం ఆఫీసర్లైన మిమ్మల్ని పోయిన పాఠంలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరానికి ప్రమాదాల పట్టిక తయారు చేయమన్నాను. మీరు పంపినవన్నీ చదివాను. పాము, వడదెబ్బ, చెరువు, రోడ్డు, అన్నీ రాశారు. కానీ "మనం ఏం చేస్తాం" అనే గడిలో సగానికి పైగా ఒకటే జవాబు: "తల్లిదండ్రుల హామీ పత్రం తీసుకున్నాం." అందుకే ఈసారి చెప్పాలనుకున్న బీమా పాఠం పక్కన పెడుతున్నాను. ముందు ఈ కాగితం సంగతి తేలాలి.

ఆ పత్రం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. "మా అబ్బాయిని నా ఇష్టపూర్వకంగా పంపుతున్నాను. ఏం జరిగినా కాలేజీకి, ప్రోగ్రాం ఆఫీసరుకు సంబంధం లేదు." కింద సంతకం.

ఊరిని ఎంచుకున్నది మనం, పని అప్పజెప్పింది మనం, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళింది మనం. మన నిర్లక్ష్యాన్ని వేరేవాళ్ళ సంతకం కడిగెయ్యదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళకి బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అది సేవా శిబిరం కాదు, విహారయాత్ర. నీళ్ళు వదిలింది ప్రాజెక్టు వాళ్ళు. అయినా 2016లో అక్కడి హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వాలన్నప్పుడు, అందులో వాటా కాలేజీ మీద కూడా వేసింది.

పైగా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల్లో చాలామందికి 17 ఏళ్ళే. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే, అప్పట్లో మన దేశానికి పై కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ తేల్చింది. తండ్రి రాసిచ్చాడు కదా అంటారా? దెబ్బ తగిలేది పిల్లవాడికి. వాడి హక్కు తండ్రి సంతకంతో పోతుందని మనం ధీమాగా ఉండలేం.

అసలు ఆ సంతకం తండ్రిదేనా? ఒకసారి బయల్దేరే రోజు పొద్దున బస్సు పక్కన నిలబడి పత్రాలు తిరగేస్తున్నాను. ముగ్గురు తండ్రుల సంతకాల్లోనూ "రా" దీర్ఘం ఒకేలా పైకి సాగింది. సిరా కూడా ఒకటే. ఆ ముగ్గురు పిల్లలూ హాస్టల్లో ఒకే గదిలో ఉంటారు.

ఇంకో శిబిరంలో రెండో రోజు పంట కాలువ పూడిక తీస్తుంటే ఒక కుర్రాడు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. 108 వచ్చింది. "ఏ మాత్రలు వాడతాడు సార్?" అని వాళ్ళు అడిగితే నా చేతిలో ఉన్నది ఆ హామీ పత్రమే. బాధ్యత ఎవరిదో అందులో ఉంది, మాత్ర పేరు లేదు. వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. "రోజూ రాత్రి వేసుకుంటాడు సార్, అందరి ముందూ సిగ్గుపడి మానేశాడేమో" అంది. పిల్లవాడు కోలుకున్నాడు. నేను మాత్రం ఆ తర్వాత ఆ పత్రం ఎప్పుడూ వాడలేదు.

ఇప్పుడు నేను తీసుకునేది సమాచార పత్రం. పై సగం మనం చెప్పేది: ఏ ఊరు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఏ పని చేయిస్తాం, ఏ పని చేయించం, ఏ బండిలో వెళ్తాం. కింది సగం వాళ్ళు చెప్పేది: రోజూ వాడే మందులు, పడని మందులు, ఫిట్స్, ఆయాసం, రెండు ఫోన్ నంబర్లు. తర్వాత శిబిరానికి వచ్చే యాభై మంది ఇళ్ళకీ నేనే ఫోన్ చేస్తాను. రెండు సాయంత్రాలు పడుతుంది. చదువు రాని అమ్మకి మొత్తం చదివి వినిపిస్తాను. ఆరోగ్యం వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ పిల్లలు మళ్ళీ మనకి నిజం చెప్పరు.

బండి సంగతి. ఊళ్ళోవాళ్ళు అభిమానంతో ట్రాక్టర్ పంపిస్తారు, పిల్లలు కేరింతలు కొడుతూ ట్రాలీ ఎక్కేస్తారు. ఎక్కనివ్వకండి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనుషులకి బీమా కంపెనీ పరిహారం కట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. నేనైతే ఆర్టీసీ అద్దె బస్సు పెడతాను, లేదా నడిపిస్తాను.

చెరువులో ఈత ఎవరికీ వద్దు, ఈత వచ్చినవాళ్ళకి కూడా. పూడిక తీసిన చెరువులో మోకాలి లోతు పక్కనే నిలువెత్తు గొయ్యి ఉంటుంది, పైకి కనపడదు. ప్రథమ చికిత్స పెట్టె, పూటపూటా హాజరు గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు.

వచ్చే పాఠం లోపు ఒక పని చేయండి. శిబిరం పెట్టబోయే ఊరి నుంచి పాముకాటు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రికి రాత్రి తొమ్మిది తర్వాత బయల్దేరి వెళ్ళండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఆ వేళ డ్యూటీలో ఎవరున్నారో, ఆ రోజు ఎన్ని వయల్స్ (మందు సీసాలు) ఉన్నాయో అడిగి రాసుకోండి. ఫోన్లో కనుక్కుంటే కుదరదు. దారిలో రైల్వే గేటు ఉంటే, అది ఎంతసేపు పడి ఉందో కూడా రాయండి.