లూనీ ట్యూన్స్ పెట్టెలకు ఒక పొడుగు రిజిస్టరు

"తాతయ్యా, ఇది కుందేళ్లను వేటాడే కాలమని ఒకడు, కాదు బాతులను వేటాడే కాలమని ఇంకొకడు కొట్లాడుకుంటారే, ఆ బొమ్మ పెట్టు" అన్నాడు మనవడు ఒక సాయంత్రం. నా దగ్గర లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ ఆరు సంపుటాలూ ఉన్నాయి. 24 డీవీడీ డిస్కులు, 356 కార్టూన్ బొమ్మలు. గంటసేపు డిస్కు పెట్టడం, మెనూ చూడటం, తీయడం. ఆ బొమ్మ దొరికేసరికి వాడు సోఫాలో నిద్రపోయాడు. మర్నాడు పొద్దున్నే తెనాలిలో మేము ఎప్పుడూ కొనే స్టేషనరీ కొట్టుకు వెళ్లి, రెండు వందల పేజీల పొడుగు రిజిస్టరు ఒకటి కొన్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పినవాణ్ణి. హాజరు పట్టీ రాయడం చేతికి అలవాటే.

మీ దగ్గరా ఇలాంటి పెట్టెలు ఉంటే, లేదా కొనాలనుకుంటుంటే, నేను పడిన తిప్పలు మీకు తప్పుతాయని ఇదంతా రాస్తున్నాను.

ముందు కొనుగోలు సంగతి. ఇవి వార్నర్ బ్రదర్స్ వారు 1930 నుంచి 1969 దాకా, థియేటర్లలో అసలు సినిమాకు ముందు వేయడానికి తీసిన ఆరేడు నిమిషాల బొమ్మలు. మొత్తం వెయ్యి దాకా ఉంటాయి. గోల్డెన్ కలెక్షన్ మొదటి సంపుటం 2003లో వచ్చింది. తరవాత ఏడాదికొకటి చొప్పున 2008లో ఆరోదానితో ఆగింది. మొదటిదానిలో 56, మిగతా ఐదింటిలో అరవయ్యేసి. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి వాడిన పెట్టెలే. అక్కడ ఒక మెలిక ఉంది. స్పాట్‌లైట్ కలెక్షన్ అనే పేరుతో రెండేసి డిస్కుల పెట్టెలు కూడా వచ్చాయి. అవి గోల్డెన్ పెట్టెలో సగం తీసి విడిగా అమ్మినవి. నేను గోల్డెన్ రెండో సంపుటం అడిగితే ఒక అమ్మకందారు స్పాట్‌లైట్ పంపాడు. అట్ట చూసి మురిసిపోయి, వాపసు గడువు దాటాక గానీ లోపల రెండే డిస్కులున్నాయని గమనించలేదు. కాబట్టి డబ్బు కట్టే ముందే డిస్కులు నాలుగని రాసి ఉందో లేదో చూసుకోండి. బ్లూరే కావాలంటే 2011 నుంచి మూడు ప్లాటినం కలెక్షన్లు వచ్చాయి, ఒక్కోదానిలో యాభై. వాటిలో చాలా బొమ్మలు గోల్డెన్‌లో ఉన్నవే. 2023 నుంచి వచ్చిన కలెక్టర్స్ చాయిస్ డిస్కులు మాత్రం ఎక్కువగా పాత పెట్టెల్లోకి ఎక్కని బొమ్మల కోసం. ఆరు సంపుటాలూ ఉన్నవారికి ముందు అవే దండగ కాని కొనుగోలు.

డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే జోన్ అంకె ఒకటి ఉంటుంది. అమెరికా నుంచి తెప్పించేవాటికి అది 1. మన దేశానిది 5. పెట్టె వెనక చిన్న గ్లోబు బొమ్మలో ఆ అంకె ఉంటుంది. ఇక్కడ కొన్న మామూలు ప్లేయరు ఒకటో జోన్ డిస్కును తిప్పికొడుతుంది. అన్ని జోన్లూ ఆడే ప్లేయరు కొనాలి, లేదా కంప్యూటర్‌కు తగిలించే డీవీడీ డ్రైవు వాడాలి. డ్రైవులో జోన్ మార్చుకోవడానికి ఐదుసార్లే అవకాశం. ఆఖరుసారి పెట్టినదే అక్కడ స్థిరపడిపోతుంది, కనుక పిల్లల చేతికి ఇవ్వకండి. బ్లూరేకు ఈ అంకెలు కాక వేరే అక్షరాలు: అమెరికాది ఎ, మనది సి. మా అబ్బాయి ఒహాయో నుంచి పెట్టెలతో పాటు అక్కడి ప్లేయరు కూడా తెచ్చాడు. అది 110 వోల్టులది. వాడిని అడగకుండా గోడ ప్లగ్గులో పెట్టాను. చిన్న చప్పుడు, కాలిన వాసన. ఆ ప్లేయరు ఇప్పుడు అటక మీద ఉంది.

ఇక టీవీ. ఈ బొమ్మలు దాదాపు చదరపు చట్రంలో గీసినవి. ఇప్పటి వెడల్పు టీవీ వాటిని అటూ ఇటూ లాగి పోర్కీ పందిని ఇంకా లావు చేస్తుంది. సెట్టింగుల్లో 4:3 పెట్టండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి ఒకటుంది. చాలా బొమ్మల మొదట్లో ఒకదానిలో ఒకటి ఇమిడిన రంగుల వలయాలు వస్తాయి కదా, అక్కడ ఆపి, టీవీ మీద స్కేలు ఆనించి ఒక వలయాన్ని అడ్డంగానూ నిలువుగానూ కొలవండి. రెండూ సమానం కావాలి. మా టీవీలో మొదట అడ్డం కొలత చాలా ఎక్కువ వచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, రిటైరైనా ఈయన వృత్తలేఖిని వదల్లేదంది. రెండు పక్కలా నల్ల పట్టీలు కనబడతాయి, వాటిని చూసి కంగారు పడవద్దు. కదలికను నున్నగా చేసే సౌకర్యం టీవీలో ఉంటే దాన్నీ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేములు లెక్కపెట్టి గీసిన కదలిక మధ్యలో యంత్రం తనకు తోచిన బొమ్మలు ఇరికిస్తే, తలుపు దభాలున పడాల్సిన చోట సబ్బునీళ్లలో జారినట్టు ఉంటుంది. మరకలు తుడిచే సౌకర్యం కూడా వద్దు. అది దుమ్ముతో పాటు గీతను కూడా కాస్త తినేస్తుంది. సిరా గీత అంచు ఎక్కడ తెగిందో నా కంటికి వెంటనే పడుతుంది, అదొక రోగం.

ఇప్పుడు రిజిస్టరు. ఎందుకు కావాలంటే, పెట్టెల్లో బొమ్మల్ని చాలావరకు పాత్రల వారీగా సర్దారు. మొదటి సంపుటంలో ఒకటో డిస్కు బగ్స్ బన్నీది, రెండోది డాఫీ బాతుది, పోర్కీది. మనవడు అడిగిన ఆ కాలాల కొట్లాట నిజానికి మూడు బొమ్మలు. చక్ జోన్స్ దర్శకుడు, మైకేల్ మాల్టీస్ కథకుడు. 1951లో రాబిట్ ఫైర్, 1952లో రాబిట్ సీజనింగ్, 1953లో డక్ రాబిట్ డక్. మొదటిది ఒకటో సంపుటం రెండో డిస్కులో ఉంది, రెండోది అదే సంపుటం ఒకటో డిస్కులో, మూడోది మూడో సంపుటం ఒకటో డిస్కులో. వరసగా చూడాలంటే మూడుసార్లు లేచి డిస్కు మార్చాలి. ఏది ఎక్కడుందో తెలియకపోతే ఎన్నిసార్లు లేవాలో నేను పైన చెప్పాను.

పేర్ల వారీగా రాసుకుందామంటే అదీ కుదరదు. మొదటి సంపుటం ఒకటో డిస్కులో 14 బొమ్మలుంటే మూడింటి పేర్లలో హేర్, నాలుగింట బన్నీ, మూడింట రాబిట్. బగ్స్‌ను తరిమే వేటగాడు ఎల్మర్ నత్తి ఉచ్చారణలో వాబిట్ అని మరొకటి. హేర్ అంటే చెవులపిల్లి, అదే ధ్వనితో వెంట్రుక. ఆ శ్లేష మీద వాళ్లు దశాబ్దాల పాటు బతికారు. అందుకని నేను ఒక్కో దర్శకుడికి కొన్ని పేజీలు కేటాయించాను. ప్రతి పేజీలో నిలువు గళ్లు ఇవి: పేరు, ఏడాది, సంపుటం-డిస్కు-వరస, పాత్రలు, చివర వెడల్పుగా ఒక గడి "గుర్తు" అని. ఆ గుర్తు గడే ప్రాణం. అందులో బొమ్మ పేరుతో సంబంధం లేకుండా, చూసినవాళ్లకు ఏది మనసులో మిగులుతుందో అది తెలుగులో ఒక ముక్క రాయాలి. రాబిట్ ఆఫ్ సెవిల్, 1950: "క్షౌరశాల, బట్టతల మీద పండ్ల ముక్కలు". హై డైవింగ్ హేర్, 1949: "ఎత్తైన బల్ల, ఎర్ర మీసాలవాడు పడుతూనే ఉంటాడు". ఫీడ్ ద కిట్టీ, 1952: "కుక్క వీపు మీద పిల్లి ఆకారపు బిస్కెట్టు". మా ఆవిడకు ఒక్క ఇంగ్లీషు పేరూ గుర్తుండదు. ఈ గడి చూసి అర నిమిషంలో పట్టుకుంటుంది.

దర్శకుడి వారీగా ఎందుకన్న ప్రశ్న మా అబ్బాయి కూడా అడిగాడు. కుందేలు ఒకటే అయినా గీసినవాళ్ల చేతులు వేరు. జోన్స్ కుందేలు కనుబొమ్మ ఒక్కటే ఎత్తి మనవైపు చూస్తుంది, మిగతా ఒళ్లంతా నిశ్చలం. బాబ్ క్లాంపెట్ చేతిలో పాత్రలు రబ్బరు బొమ్మలు, ఎముకలే ఉండవు. 1946లో వచ్చిన ద గ్రేట్ పిగ్గీ బ్యాంక్ రాబరీలో డాఫీని చూడండి. ఫ్రిజ్ ఫ్రెలెంగ్ బొమ్మలో దెబ్బ సరిగ్గా తాళం మీద పడుతుంది, కళ్లు మూసుకుని విన్నా తెలుస్తుంది. రాబర్ట్ మెకిమ్సన్ గీత గట్టిది, శరీరానికి బరువు ఉంటుంది. టెక్స్ ఏవరీ పాత్రలు కథ మధ్యలో ఆగి ప్రేక్షకులతో మాట్లాడతాయి. పది పదిహేను బొమ్మలు ఇలా ఒకే దర్శకుడివి వరసగా చూశాక, పేర్లు వచ్చే ముందే ఎవరిదో చెప్పగలుగుతారు. నాకు మెకిమ్సన్ ఒక్కడి దగ్గరే ఇప్పటికీ తప్పులు పోతాయి.

దర్శకుడి పేరు తెర మీద దొరకడం అన్నిసార్లూ తేలిక కాదు. 1940ల నడుమ దాకా "దర్శకత్వం" అనే మాట ఉండదు, "సూపర్విజన్" అని ఉంటుంది. అది దర్శకుడే. ఇంకో చిక్కు బ్లూ రిబ్బన్ పునర్విడుదలలు. 1943 నుంచి పాత బొమ్మలను మళ్లీ థియేటర్లకు పంపేటప్పుడు, మొదట్లో వచ్చే అసలు పేర్ల ముక్క కత్తిరించి కొత్త పేరు పలక అతికించారు. అలాంటివాటిలో చాలావాటికి దర్శకుడు, కథకుడు, సంగీతం ఎవరిదో ఉండదు. సంగీతం మాత్రం 1936 తరవాత రెండు దశాబ్దాలకు పైగా దాదాపు అన్నిటికీ కార్ల్ స్టాలింగే కనుక ఆ గడి నేను పెట్టలేదు. ఏడాది రోమన్ అంకెల్లో ఉంటుంది. అది హక్కుల ఏడాది, విడుదలకు ఒక ఏడాది ముందుది కావచ్చు. నేను మొదట తెర మీది ఏడాదే రాసి, తరవాత విడుదల తేదీలతో సరిచూసి ఎర్ర సిరాతో దిద్దాను. మీరు మొదటే పెన్సిలుతో రాయండి.

రోజుకు ఒక డిస్కు కంటే ఎక్కువ నమోదు చేయవద్దు. పద్నాలుగు పదిహేను బొమ్మలు చూశాక గుర్తు గడిలో అన్నింటికీ "తల మీద బండ" అనే రాయబుద్ధవుతుంది. నాకు నెల పట్టింది.

నమోదు చేసేటప్పుడే ఇంకో పని కూడా చేయాలి. ఆ కాలపు బొమ్మల్లో నల్లవారిని, జపనీయులను, అమెరికా మూలవాసులను వెక్కిరించే దృశ్యాలు ఉన్నాయి. మూడో సంపుటంలో నటి వూపీ గోల్డ్‌బర్గ్ వచ్చి ఈ సంగతి సూటిగా చెబుతుంది, తరవాతి సంపుటాల్లో అక్షరాల పలక వస్తుంది: అవి అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. మరీ దారుణమైనవని 1968లో ప్రసారాల నుంచి తీసేసిన పదకొండు బొమ్మలు ఈ పెట్టెల్లో లేవు, కానీ మిగతావన్నీ మచ్చలేనివని కాదు. నేను అలాంటి వాటి పక్కన ఎర్ర చుక్క పెట్టాను. పిల్లలకు అవి వేయను. పెద్దవాళ్లం చూసేటప్పుడు ఎందుకు వేయమో మాట్లాడుకుంటాం. తుపాకీ నోటి దగ్గర పెట్టుకునే హాస్యానికి కూడా మా ఇంట్లో చుక్కే.

కొత్తవాళ్లను కూర్చోబెట్టి చూపించాలంటే ఐదు బొమ్మలు చాలు, నలభై నిమిషాల లోపు. నా మొదటి సాయంత్రం జాబితా అంతా ఒకటో సంపుటంలోదే, డిస్కు మార్చడం తక్కువయ్యేలా కూర్చాను. మూడో డిస్కుతో మొదలు: 1949 నాటి ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్, కయోటీ అనే తోడేలు జాతి జంతువు, అది తరిమే రోడ్ రన్నర్ అనే పక్షి, ఆ ఇద్దరి తొలి బొమ్మ. మాటలు ఉండవు, భాష అడ్డు రాదు. అదే డిస్కులో ఫీడ్ ద కిట్టీ. మా ఆవిడ దీనికి ప్రతిసారీ కళ్లు తుడుచుకుంటుంది, ఏడుపు కాదంటుంది. తరవాత ఒకటో డిస్కులో హై డైవింగ్ హేర్, రాబిట్ ఆఫ్ సెవిల్. చివరికి రెండో డిస్కు, 1953 నాటి డక్ అమక్. గీసేవాడు డాఫీ వెనక దృశ్యాన్ని చెరిపేస్తాడు, గొంతు తీసేస్తాడు, చివరికి బాతునే రబ్బరుతో చెరిపేస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లల చేతుల్లో రబ్బరు చూసినవాణ్ణి, దీని గురించి ఇంకా రాస్తే ఆగను. ఆ పెన్సిలు ఎవరి చేతిలో ఉందో మాత్రం ముందే చెప్పకండి. రోడ్ రన్నర్‌ను ఒక రాత్రికి ఒకటి మించి వేయవద్దు. రెండోది మొదటిదాన్నే ఎక్కంలా మళ్లీ అప్పజెప్పినట్టు ఉంటుంది. మాటలున్న బొమ్మలకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకోవడంలో నామోషీ లేదు, గాత్రధారి మెల్ బ్లాంక్ ఒక్కడే చాలా పాత్రల గొంతులతో గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. 1957 నాటి వాట్స్ ఒపేరా డాక్ రెండో సంపుటం నాలుగో డిస్కులో ఉంది. దాన్ని మొదటి రోజు వేయకండి. ఎల్మర్ మామూలుగా ఎలా తరుముతాడో నాలుగైదు సార్లు చూసినవాళ్లకే, అతడు జర్మన్ సంగీతకారుడు వాగ్నర్ సంగీతానికి శిరస్త్రాణం పెట్టుకుని తరమడంలోని వైభవం అందుతుంది.

డిస్కులు నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టవద్దు. మా కోస్తా వానాకాలంలో అట్టపెట్టెలు మెత్తబడతాయి, మందు సీసాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు అలమరలో వేస్తాను. తుడిచేటప్పుడు మెత్తని బట్టతో నడుమ నుంచి అంచుకు తిన్నగా. గుండ్రంగా తుడిస్తే గీత పడ్డప్పుడు ఒక బొమ్మ మొత్తం పోతుంది. 2006 నుంచి 2008 దాకా తయారైన వార్నర్ వారి డిస్కుల్లో కొన్ని, గీత ఒక్కటీ లేకపోయినా లోపలి పొర చెడి ఆగిపోతున్నాయి. వాడిన పెట్టె చేతికి రాగానే ప్రతి డిస్కునూ మొదటి నుంచి చివరి దాకా ఆడించి, ఆ తేదీ రిజిస్టరులో వేయండి.

రిజిస్టరులో ఆఖరి పది పేజీలు అరువుకు కేటాయించండి. తీసుకున్నవారి సంతకం, తేదీ, ఏ డిస్కు. నేను ఈ గడులు గీయకముందే రెండో సంపుటం నాలుగో డిస్కు మా వీధి చివరి ఇంటికి వెళ్లింది. అడిగితే "మీ దగ్గరే ఉంటుంది మాస్టారూ, చూడండి" అంటున్నారు.