బేస్ గిటార్ విప్పి బిగించాక వచ్చే తంటాలు: లక్షణం, కారణం, మరమ్మతు

విజయనగరంలో నాకు తెలిసిన బేస్ గిటార్ వాళ్లందరూ ఒక్క ఆటోలో పడతారు. వీణ, వయొలిన్ ఊరు మాది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అలాంటి ఊళ్లో నాలుగు తీగల కరెంటు వాయిద్యం పట్టుకెళ్తే రిపేరు చేసేదెవరు? టీవీలు బాగుచేసే ఆయన సోల్డరింగ్ చక్కగా చేస్తాడు గానీ, తీగల కింద ఉండి వాటి ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌ని చూసి "ఏటి బాబూ ఇది, స్పీకరా?" అన్నాడు. దాంతో మా మరమ్మతులు మేమే నేర్చుకున్నాం.

మా వాళ్లకి ఇంకో పిచ్చి కూడా ఉంది. శనివారం రాత్రి బేస్ విప్పి పికప్పో, పాట్లో (నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు) మారుస్తారు. ఆదివారం తెల్లారకముందే బైకులెక్కి ఎస్.కోట, బొడ్డవర దాటి అనంతగిరి ఘాట్ పట్టుకుంటారు. ఒక్కోసారి ఆ బేస్ కూడా వీపు మీదే ఉంటుంది. కింద రాసిన తంటాల్లో సగం సోల్డరింగ్ ఐరన్ తెచ్చినవి, సగం బైకు తెచ్చినవి. కొత్త పార్టు ఆర్డర్ పెట్టే ముందు, చివరిసారి మీ చెయ్యి ఎక్కడ పడిందో అక్కడ చూడండి. పది సార్లలో తొమ్మిది సార్లు నాకు దొంగ అక్కడే దొరికాడు.

గూమని మోత ఆగడం లేదు

"ఏట్రా, లోపల జోరీగ దూరిందేటి?" అని పక్కవాడు అడిగాడంటే ఇదే. ముందు కేబుల్‌ని బేస్ నుంచి పీకి చూడండి. యాంప్లిఫయర్‌లో (యాంప్) మోత అలాగే ఉంటే తప్పు కేబుల్‌దో యాంప్‌దో, బేస్‌ని విప్పనక్కర్లేదు. కేబుల్ చివర వేలు తగిలితే వచ్చే బుర్రుమనే శబ్దం లెక్కలోకి రాదు. మోత బేస్ నుంచే వస్తోందని తేలితే తీగల మీద చెయ్యి పెట్టండి.

చెయ్యి పెట్టగానే తగ్గితే వైరింగ్ బాగానే ఉంది, షీల్డింగ్, అంటే బయటి గోలని ఆపే లోహపు పొర, లేదంతే. చుట్టూ ఉన్న కరెంటు గోలని మన ఒళ్లు పట్టుకుని పికప్‌లకి అందిస్తుంది. తీగ ముట్టుకుంటే ఒళ్లు గ్రౌండ్‌కి (సర్క్యూట్‌లో ఎర్త్ వైపు) కలుస్తుంది, గోల తగ్గుతుంది. మందు: పికప్ గుంటలకీ, పాట్లు కూర్చునే గుంటకీ లోపల రాగి టేపు అంటించడం. టేపు ముక్కల మధ్య కనెక్షన్ ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి, బీప్ రావాలి. తర్వాత ఆ టేపుని ఒక వైరుతో గ్రౌండ్‌కి కలపాలి. మావాడొకడు ఒక పూటంతా కూర్చుని అందంగా టేపు వేసి ఈ ఒక్క వైరు మరిచాడు. లోపల దేవుడి గదిలా మెరిసింది, మోత మాత్రం అలాగే ఉంది.

చెయ్యి పెడితే పెరిగిందంటే కథ వేరు. తీగల చివరలు బిగిసే లోహపు బ్రిడ్జ్ కిందకి వెళ్లే గ్రౌండ్ వైరు తెగి ఉండాలి, లేదా కేబుల్ దూర్చే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారై ఉండాలి. రెండోది రాత్రి పన్నెండు దాటాక సోల్డరింగ్ చేసేవాళ్లకి వచ్చే జబ్బు.

మీరు ఇటు తిరిగితే పెరిగి, అటు తిరిగితే తగ్గే మోతకి రాగి టేపు పెద్దగా పనిచేయదు. అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ స్వభావం. ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబ్‌లైటు చోకులు వదిలే అయస్కాంత గోల అది. నిలబడే చోటు మార్చండి. రెండు పికప్‌లుండే జాజ్ బేస్ అనే మోడల్ అయితే రెండు వాల్యూములూ పూర్తిగా పెంచండి. ఆ రెండు పికప్‌లూ ఒకదాని మోతని ఒకటి కొట్టేసేలా ఎదురెదురుగా చుట్టి ఉంటాయి.

రెండు పికప్‌లూ పెంచితే బేస్ సౌండు మాయం

ఒక్కొక్కటీ విడిగా బ్రహ్మాండంగా మోగుతాయి. కలిపితే డబ్బా రేడియోలా పలచగా వస్తుంది. ఒక పికప్ మాత్రమే మార్చి, అదీ వేరే కంపెనీది పెట్టారా? అయితే రెండూ ఫేజ్ తప్పాయి. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతోంది. ఏదో ఒక పికప్‌వి రెండు వైర్లూ అటుదిటు మార్చి సోల్డర్ చేస్తే సరిపోతుంది. దానికి లోహపు మూత ఉండి, ఆ మూత ఒక వైరుకి కలిసి ఉంటే మాత్రం ముందు ఆ కలయిక విడదీయాలి. లేదంటే కొత్త మోత కొనుక్కున్నట్టే. ఫేజ్ సరిచేశాక గూమనడం మిగిలితే, పైన చెప్పిన కొట్టేసుకునే జత చెడిందని అర్థం. జత కావాలంటే జతగానే కొనాలి.

మైకుకి మూతి తగిలితే షాకు

నవ్వుతాలకి తీసుకోకండి. పెళ్లి స్టేజీల మీద, జాతర పందిళ్లలో జనరేటర్ మీద నడిచే కరెంటుకి ఎర్తింగ్ ఉందో లేదో చాలాసార్లు వాయించేవాడికి తెలియదు. మీ చెయ్యి తీగల మీద, అంటే యాంప్ గ్రౌండ్ మీద ఉంటుంది. పెదవి మైకు జాలీ మీద, అంటే సౌండు వాళ్ల మిక్సర్ గ్రౌండ్ మీద ఉంటుంది. రెంటి మధ్య వోల్టేజ్ తేడా ఉంటే దాన్ని కలిపే వైరు మీరే. వానపడి స్టేజీ చెక్కలు తడిస్తే ఇంకా ప్రమాదం.

పాడే ముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద, పెద్ద రేంజిలో పెట్టి ఒక పుల్ల తీగకి, ఇంకో పుల్ల మైకు జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటి ఏం చూపించినా నేను ఆ మైకు జోలికి పోను. యాంప్, మిక్సర్ రెండూ ఒకే ఎర్త్ ఉన్న బోర్డు నుంచి తీసుకోమని సౌండు వాళ్లకి చెప్పండి, మళ్లీ కొలవండి. హమ్ (గూమనే మోత) పోవాలని ప్లగ్గు మూడో పిన్ను విరిచేసే పెద్దమనుషులు ఉన్నారు. ఆ పిన్ను ఉన్నది హమ్ కోసం కాదు, మీ ప్రాణం కోసం. ఘాట్ మలుపులో మోకాలు నేలకి ఆనించే ధైర్యం ఉన్నవాళ్లు కూడా ఈ విషయంలో పిరికిగా ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

బైకు దిగాక సౌండు వచ్చిపోతోంది

జాక్ నట్టు. ఇంకేం వెతకొద్దు. రోడ్డు అదురుకి నట్టు వదులవుతుంది. కేబుల్ పెట్టి తీసినప్పుడల్లా జాక్ గిర్రున తిరిగి లోపల వైరు మెలిపడి తెగుతుంది. ప్లేటు విప్పి, వైరు మళ్లీ సోల్డర్ చేసి, పళ్ల వాషర్ వేసి బిగించండి. లోపల జాక్‌ని పట్టుకుని బయట నట్టు తిప్పాలి, లేకపోతే మీరే మెలిపెట్టినవాళ్లవుతారు. ట్యూనర్ల (బేస్ తల మీద తీగ బిగించే మరలు) వెనక చిన్న స్క్రూలు, స్ట్రాప్ బటన్లు కూడా అప్పుడే చూసుకోండి.

నాబ్ తిప్పితే గరగరమంటే పాట్‌లో దుమ్ము. ఎలక్ట్రానిక్స్‌కని అమ్మే కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క లోపలికి కొట్టి ఇరవై సార్లు అటూఇటూ తిప్పండి. బైకు చైనుకి వాడే స్ప్రే మాత్రం వద్దు.

బ్యాగులో పెట్టి వీపున కట్టుకున్నప్పుడు బేస్ తల మీ హెల్మెట్ కంటే పైకి ఉంటుంది, అది మీకు కనపడదు. అనంతగిరి దాటాక రోడ్డు మీదకి వంగిన కొమ్మ కింద నేను తల వంచాను, బేస్ వంచలేదు. ఒక ట్యూనర్ వంకరపోయింది. ఆ తర్వాత బేస్‌ని బస్సులో వచ్చేవాడికి ఇచ్చి పంపుతున్నాను.

యాక్టివ్ సర్క్యూట్ పెట్టాక రెండు రోజులకే బ్యాటరీ అయిపోతోంది

సౌండు ముందు చిరుగుతుంది, తర్వాత సన్నబడుతుంది, తర్వాత పోతుంది. అలా జరిగితే 9 వోల్టుల బ్యాటరీ అయిపోయినట్టే. యాక్టివ్ బేస్‌కి, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నదానికి, మామూలుగా విడిగా స్విచ్ ఉండదు, జాకే స్విచ్. స్టీరియో జాక్‌లో కేబుల్ దూర్చగానే బ్యాటరీ మైనస్ గ్రౌండ్‌కి కలుస్తుంది. రాత్రంతా కేబుల్ అలాగే వదిలేస్తే రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతుంది. కేబుల్ తీసే పెట్టినా అయిపోతోందంటే, బిగించినవాళ్లు మైనస్ వైరుని జాక్‌కి కాకుండా నేరుగా గ్రౌండ్‌కి కలిపేశారన్నమాట.

వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పగానే మొత్తం సౌండు ఒక్కసారి వచ్చేస్తే పాట్ విలువ చూడండి. యాక్టివ్ పికప్‌లకి 25 కిలోఓమ్ పాట్లు కావాలి. పాత 250 కిలోఓమ్‌వే ఉంచేస్తే నాబ్ కాస్తా లైటు స్విచ్చులా పనిచేస్తుంది.

ఒక్క స్వరం చచ్చిపోతోంది

జీ తీగ (అన్నిటికన్నా సన్నది) మీద 5 నుంచి 7వ ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) మధ్య ఏదో ఒకచోట స్వరం మోగీ మోగకుండానే పడిపోతుంది. దీనికోసం పికప్‌లు, తీగలు, చివరికి బ్రిడ్జ్ కూడా మార్చినవాళ్లని చూశాను. డబ్బు దండగ. ఆ స్వరం దగ్గర మెడ కర్ర తనే ఊగి తీగ బలాన్ని లాగేసుకుంటుంది. బోల్టులతో బిగించే పొడవాటి మెడల్లో ఇది మామూలే. వడ్రంగి వాడే చిన్న క్లాంపుని గుడ్డ అడ్డం పెట్టి బేస్ తలకి బిగించి వాయించి చూడండి. బరువు మారితే ఆ చావు మచ్చ పక్కకి జరుగుతుంది, పాటల్లో తక్కువగా వచ్చే చోటికి జరిగితే అదృష్టం. ఆ మచ్చ మొత్తంగా పోయిన బేస్‌ని నేనింతవరకు చూడలేదు.

ఫ్రెట్ల మీద బజ్

ఎక్కడ బజ్ వస్తోందన్నదే ముఖ్యం. వదిలిన తీగ ఒక్కటే బజ్‌మంటే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి లోతైంది. మొదటి ఐదారు ఫ్రెట్లలో వస్తే మెడ మరీ తిన్నగా ఉంది, లేదా వెనక్కి వంగింది. 12 దాటాక వస్తే బ్రిడ్జ్ మీద తీగ ఆనే సాడిల్ మరీ కిందికి ఉందేమో చూడాలి.

తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి కలిసే ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టండి. 7, 8 ఫ్రెట్ల దగ్గర ఫ్రెట్‌కీ తీగకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. తక్కువైతే ట్రస్ రాడ్‌ని (మెడ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ) వదులు చేయాలి, ఎక్కువైతే బిగించాలి. ఒకసారికి పావు చుట్టు, అంతే. తర్వాత ట్యూన్ చేసి, టీ తాగి వచ్చి చూడండి. రాడ్ కదలనని మొండికేస్తే బలం ఉపయోగించొద్దు. వానాకాలం మొదలైనప్పుడు, చలికాలం వచ్చినప్పుడు మెడ కొంచెం కదలడం కర్ర లక్షణం. తీగల మందం మార్చినా కదులుతుంది.

ఆకురాయి మాత్రం తీయకండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే వీణలకి మెట్లు మైనం మీద కూర్చుంటాయి. తేడా వస్తే మెట్టుని సరిచేసి మళ్లీ కూర్చోబెట్టొచ్చు. మన ఫ్రెట్లు గాడిలో దిగ్గొట్టినవి. అరగదీసింది మళ్లీ రాదు.

ఈ వరసలో నాకు బాగా ఖరీదైన బజ్ ఒకటుంది. అరకు నుంచి దిగిన ఆదివారం సాయంత్రం బేస్ అన్ని ఫ్రెట్లలోనూ బజ్‌మంది. "నానేటీ ముట్టుకోనేదు" అన్నాడు దాన్ని బస్సులో తెచ్చినవాడు. నేను వినకుండా ట్రస్ రాడ్ తిప్పాను, సాడిళ్లు లేపాను, తీగలు మార్చాను. రాత్రి పదకొండుకి కూడా బజ్ అలాగే ఉంది. మర్నాడు పొద్దున తీస్తే బజ్ లేదు, తీగలు మాత్రం నిచ్చెన మెట్లంత ఎత్తున ఉన్నాయి. ఘాట్ మొత్తం క్లచ్ నొక్కింది ఎడమ చెయ్యి. ఫ్రెట్ మీద తీగ నొక్కాల్సిందీ అదే. వేళ్లలో బలం లేక తీగ సగమే ఆనింది. ఇప్పుడు రైడ్ నుంచి వచ్చిన రోజు బజ్ వినిపిస్తే, ముందు బేస్‌ని బైకెక్కని వాడి చేతికిస్తాను. వాడు వాయించినా బజ్ వస్తేనే ట్రస్ రాడ్ తిప్పే అలెన్ కీ బయటికి తీస్తాను.