స్నేహితుడి కారు తాళం తీసుకునే ముందు జాగ్రత్తలు

బెంగళూరు నుంచి లేపాక్షికో తిరుపతికో వెళ్లడానికి స్నేహితుడి కారు అడిగేవారు, బయలుదేరకముందే అతని బీమా పాలసీ కాగితం తెరిచి చూడాలి. బీమా బండి మీద ఉంటుంది కనుక, యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సుతో మీరు నడిపినా వర్తిస్తుంది; అయితే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఎదుటివారి నష్టానికే పరిహారం దక్కుతుంది, నలిగిన బంపరు ఖర్చు మీరే భరించాలి.

సొంత కారు నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీ ఉన్నా డబ్బు లెక్క ముందే తేల్చుకోండి. 1,500 సీసీ వరకు 1,000 రూపాయలు, ఆపైన 2,000 రూపాయలు తప్పనిసరి కోత (బీమా సంస్థ చెల్లించని మొదటి వాటా) ఉంటుంది; పైగా క్లెయిమ్ చేస్తే, క్లెయిమ్ చేయనివారికి ప్రీమియంలో 20 నుంచి 50 శాతం దాకా తగ్గింపునిచ్చే నో క్లెయిమ్ బోనస్‌ను సాధారణంగా స్నేహితుడే పోగొట్టుకుంటాడు. చిన్న సొట్టకు చేతి డబ్బు పెట్టుకోవడమే మర్యాద, తరచూ లాభం కూడా.

చాలామంది పట్టించుకోనిది మరొకటుంది. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీకు వస్తుందని నమ్ముకోలేం. పైగా మీ గాయాలకు థర్డ్ పార్టీగానూ పరిహారం అడగలేరు; అరువు తెచ్చుకున్నవారు యజమాని స్థానంలోకే వస్తారని సుప్రీంకోర్టు 2009లో ఒక కర్ణాటక కేసులో చెప్పింది. కనుక మీ పేరిట విడిగా ప్రమాద బీమా ఉండాలి.

నీళ్లు నిండిన అండర్‌పాస్‌లోకి దిగకండి. పాలసీకి అదనంగా కొనే ఇంజిన్ రక్షణ యాడ్ ఆన్ లేకపోతే, నీళ్లు చేరి పాడైన ఇంజిన్ మరమ్మతుకు బీమా సాధారణంగా అందదు. మద్యం తాగి అసలే నడపకూడదు.

ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూసి, 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలి. స్టీరింగు యజమాని చేతిలోనే ఉందని మాత్రం బీమా సంస్థకు చెప్పకండి. ఆ అబద్ధంతో క్లెయిమే తిరస్కరణకు గురికావచ్చు.