పియానో వాయించి ఆన్‌లైన్‌లో పెట్టడం, విన్నవాళ్లకు బదులివ్వడం ఎలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో పియానో అంటే ఎక్కువగా 61 మెట్ల (కీల) కీబోర్డే. 88 మెట్ల డిజిటల్ పియానో కొనుక్కున్నవాళ్లు కొద్దిమంది. తీగల పియానో ఉన్న ఇల్లయితే ఊరంతా చెప్పుకుంటారు. నేర్పేవాళ్లు తక్కువ, కచేరీకి పిలిచేవాళ్లు ఇంకా తక్కువ. ఆదివారం చర్చిలోనో స్కూలు వార్షికోత్సవంలోనో వాయిస్తే చప్పట్లు పడతాయి గానీ, ఎడమ చెయ్యి ఎక్కడ తడబడిందో చెప్పే మనిషి దొరకడు. ఆన్‌లైన్‌లో పెట్టినందుకు అసలు లాభం ఆ మనిషి దొరకడమే. అతను చెప్పింది పట్టుకుని మళ్లీ కీబోర్డు ముందు కూర్చోకపోతే మాత్రం, ఎన్ని లైకులొచ్చినా చెయ్యి అక్కడే ఉంటుంది.

1. వాయించే పీస్ (సంగీత రచన) ఎంచుకోండి

మూడు నిమిషాలు దాటనిది చాలు. నేర్చుకుంటున్నది కాదు, నేర్చుకుని కొంతకాలమైనది తీసుకోండి. కెమెరా ఎదురుగా పెట్టగానే వేళ్లు బిగుసుకుంటాయి. కొత్త పీస్ ఆ బిగువుకు తట్టుకోదు.

హక్కుల సంగతి ముందే చూసుకోవాలి. మన దేశ చట్టం ప్రకారం స్వరకర్త పోయాక 60 ఏళ్ల వరకు రచన మీద హక్కు ఉంటుంది. 1827లో పోయిన బీథోవెన్, 1847లో పోయిన త్యాగరాజు, 1849లో పోయిన షోపాన్ రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇంకొకరు వాయించిన రికార్డింగుకూ, ఈమధ్య ఎవరైనా కొత్తగా కూర్చిన నొటేషన్‌కూ హక్కు వేరే ఉంటుంది. సినిమా పాట వాయిస్తే యూట్యూబ్‌లో క్లెయిమ్, అంటే ‘ఈ పాట హక్కు మాది’ అన్న నోటీసు, రావచ్చు. చాలాసార్లు వీడియో అలాగే ఉంటుంది, ప్రకటనల డబ్బు హక్కుదారుకి వెళ్తుంది. దీనికి కంగారు పడక్కర్లేదు; చానల్‌కే ముప్పు తెచ్చే హెచ్చరిక స్ట్రైక్, అది వేరు, క్లెయిమ్ వేరు. ఒక్కోసారి మీరు స్వయంగా వాయించిన బీథోవెన్‌నే ఏదో కంపెనీ రికార్డింగు అనుకుని యూట్యూబ్ యంత్రం పట్టుకుంటుంది. అప్పుడు డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లోగా బదులు చెప్పాలి.

2. శబ్దం బాగా పట్టండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం వింటారు, శబ్దం గరగరలాడితే పది సెకన్లు కూడా ఆగరు.

ముందు గది. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే తలుపు వెయ్యండి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రేకుల ఇల్లయితే వాన పడుతుండగా రికార్డింగు పెట్టుకోవద్దు. రాయగడ స్టేషన్ దగ్గర ఉండేవాళ్లు గూడ్సు బండి దాటేదాకా ఆగాల్సిందే, వేరే మందు లేదు.

తీగల పియానో అయితే పై మూత తెరిచి, ఫోన్‌ను పియానో మీద కాకుండా ఒకటి రెండు మీటర్ల దూరంలో స్టాండుకు పెట్టండి. మీద పెడితే సుత్తి దెబ్బలే వినిపిస్తాయి. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి శ్రుతి మారుతుంది. ట్యూనింగ్ చేయించిన కొద్ది రోజుల్లోనే నాలుగైదు పీసులు రికార్డు చేసి దాచుకోవడం మంచిది.

కీబోర్డు అయితే స్పీకర్ శబ్దాన్ని ఫోన్ మైకుతో పట్టడం కన్నా వైరుతో నేరుగా తీసుకోవడం మేలు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తెచ్చి నేరుగా ఫోన్ మైకు రంధ్రంలో దూరిస్తే శబ్దం పగులుతుంది, ఎందుకంటే ఫోన్ అక్కడ మైకు నుంచి వచ్చేంత బలహీనమైన సిగ్నలే ఆశిస్తుంది. మధ్యలో చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (కీబోర్డు సిగ్నల్‌ను ఫోన్‌కు సరిపడేలా మార్చి అందించే పెట్టె) కావాలి. కొన్ని కీబోర్డుల యూఎస్‌బీ వైరు ద్వారా శబ్దమే వస్తుంది. కొన్నింటిలో మిడి మాత్రమే వస్తుంది, అంటే ఏ మెట్టు ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కారన్న లెక్క తప్ప శబ్దం ఉండదు. మాన్యువల్‌లో చూసుకున్నాకే వైరు కొనండి.

రికార్డు చేసేటప్పుడు మీ పీసులో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు ఒకసారి వాయించి, రికార్డింగు యాప్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా సర్దుకోండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతకలేరు. గుయ్‌మని హమ్ వస్తుంటే ఫోన్ లేదా ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి చూడండి, చాలాసార్లు దొంగ అదే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాయించొద్దు. మెట్టు నొక్కాక శబ్దం కాస్త ఆలస్యంగా చెవిన పడి తాళం చెడుతుంది.

3. వీడియో

ఫోన్ అడ్డంగా పెట్టి, రెండు చేతులూ మెట్లూ పూర్తిగా కనిపించేలా పైనుంచో పక్కనుంచో తీయండి. మొహం కనిపించాలన్న నియమం లేదు. ఆడియో విడిగా రికార్డు చేస్తే మొదట్లో ఒక్క చప్పట కొట్టండి. ఎడిటింగులో ఆ చప్పట దగ్గర రెండూ కలిపితే సరి. శబ్దం శుభ్రం చేసుకోవడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది. రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ఎఫెక్ట్) ఒక చిటికెడు చాలు. దేవాలయ మండపంలో వాయించినట్టు మోగించేవాళ్లని చూస్తే, ఏ తప్పులు దాస్తున్నారో అని అనుమానం వస్తుంది నాకు.

4. అప్‌లోడ్ చేయండి

మొదట యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి లింకు ఇద్దరు ముగ్గురికి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే నలిగిపోయి చేరుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత పోదు. మీరు ఒకసారి ఇయర్‌ఫోన్లతో, ఒకసారి ఫోన్ స్పీకర్లో వినండి. పియానో నడుమ ఉండే సి స్వరం (మిడిల్ సి) దాదాపు 262 హెర్ట్జ్, దాని కింది సి 131. ఫోన్ స్పీకర్ కింది స్వరాల దగ్గర బాగా నీరసపడుతుంది. ఎడమ చెయ్యి మొత్తం మాయమైందనిపిస్తే అది మీ తప్పు కాకపోవచ్చు.

శీర్షికలో పీస్ పేరు, స్వరకర్త, వాయిద్యం ఉంటే చాలు. మన వైపు వినేవాళ్లలో సగం మాటలు ఒడియాలో నడుస్తాయి కాబట్టి పేరును తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ రాయండి. వర్ణనలో మీరు వాయించింది 61 మెట్ల మీదా 88 మెట్ల మీదా, పెడల్ (స్వరాన్ని నిలిపి ఉంచడానికి కాలితో నొక్కేది) ఉందా లేదా చెప్పండి. పెడల్ లేదని ముందే తెలిస్తే స్వరాలు తెగిపోతున్నాయని ఎవరూ దెప్పరు. 3 నిమిషాల లోపు నిలువు వీడియో అయితే యూట్యూబ్ పొట్టి వీడియోల విభాగం షార్ట్స్‌లోకి వెళ్తుంది. అక్కడ చూసేవాళ్లు ఎక్కువే గానీ, కూర్చుని విని రాసేవాళ్లు అడ్డ వీడియో దగ్గరే దొరుకుతారు.

5. అడిగి చెప్పించుకోండి

‘ఎలా ఉందో చెప్పండి’ అంటే ‘సూపర్’ అంటారు. దాంతో మీరేం చేస్తారు? ఇరుకైన ప్రశ్న వెయ్యండి: ‘1:20 దగ్గర వేగం పెరిగిందా?’, ‘రెండో భాగంలో ఎడమ చెయ్యి కుడి చేతిని మింగేస్తోందా?’ ఈ ప్రశ్నను మొదటి కామెంటుగా రాసి పిన్ చెయ్యండి, అంటే అన్నిటికన్నా పైన నిలపండి. అంకెలు అలా రాస్తే నొక్కినవాళ్లు నేరుగా ఆ చోటికే వెళ్తారు.

6. వచ్చిన మాటలను వేరు చెయ్యండి

చోటు చూపించి చెప్పినవాటిని పుస్తకంలో రాసుకోండి. ‘2:10 దగ్గర తాళం పరుగెత్తింది’ అని ఒకరు రాశారనుకోండి. వెంటనే కాదనకండి, సరేననకండి. ఆ చోటు మెట్రోనోమ్ (సమంగా తాళం కొట్టే సాధనం) పెట్టుకుని వినండి. నిజమైతే ఇలా రాయొచ్చు: ‘విన్నానండీ, మీరన్నది నిజమే. బొటనవేలు కిందినుంచి తిప్పే చోట తొందరపడుతున్నాను. ఆ నాలుగు బార్లు (తాళం గడులు) నెమ్మదిగా సాధన చేస్తున్నాను.’ నిజం కాకపోతే, ‘అక్కడ కావాలనే కాస్త వేగం పెంచానండీ, అతిగా అనిపించిందా?’ అని అడగండి. వాదన కాకుండా మాట సాగుతుంది.

పొగడ్తకు పొట్టిగా కృతజ్ఞత చెప్తే చాలు. ‘బహుత్ బఢియా’ అని ఒడియాలో రాసినవారికి ‘ధన్యబాద’ అని వాళ్ల భాషలోనే చెప్పండి. మరో రెండు వీడియోలు చూస్తారు.

కర్ణాటక కృతి వాయిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది: ‘గమకం లేదు.’ పెద్దలు కోపంగా కూడా రాస్తారు. వాళ్లన్నది నిజమే. పియానో మెట్టు శ్రుతి కదలదు, రెండు స్వరాల మధ్య జారడం కుదరదు. తోడి లాంటి రాగం అందులో ఎండిపోతుంది. ‘అవును మాస్టారూ, ఈ వాయిద్యానికి అది కుదరదు. ఏ రాగం నప్పుతుందో మీరే చెప్పండి’ అని రాస్తే, తిట్టిన ఆయనే మోహనం, హంసధ్వని అని సలహాలిస్తారు. నన్నడిగితే, ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీల మీద శంకరాభరణంలో రాసిన నొట్టుస్వరాలతో మొదలుపెట్టమంటాను. వాటికి పియానో మీద ఏ లోటూ కనిపించదు.

‘ఫలానా పాట వాయించండి’ అనేవి ఒక జాబితాలో పెట్టుకోండి. తేదీ మాత్రం ఎవరికీ మాటివ్వకండి. బూతులకు జవాబు రాయకండి. యూట్యూబ్ సెట్టింగుల్లో నిషేధించిన మాటల జాబితా పెట్టుకోవచ్చు, అనుమానమున్న కామెంట్లను మీరు చూశాకే బయటపడేలా ఆపవచ్చు, ఆ మనిషిని చానల్ నుంచి దాచెయ్యవచ్చు. పిల్లలు వాయిస్తే చానల్ పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. స్కూలు పేరు, వీధి పేరు, యూనిఫాం వీడియోలో కనిపించకూడదు.

7. మళ్లీ వాయించండి

పుస్తకంలో రాసుకున్నవాటిలో ఒకటో రెండో దిద్దుకుని అదే పీస్ ఇంకోసారి పెట్టండి. యూట్యూబ్‌లో పాత లింకు మీదే కొత్త వీడియో మార్చి పెట్టడం కుదరదు కాబట్టి ఇది వేరే వీడియో అవుతుంది. దాని లింకును పాతదాని కింద పిన్ చేసి, తప్పు పట్టుకున్నవారి కామెంటుకు కూడా ‘మీరు చెప్పిన 2:10 ఇప్పుడు వినండి’ అని జతచెయ్యండి. పాతది తీసేయకండి, తీసేస్తే దాని కింద ఉన్న కామెంట్లన్నీ దానితోపాటే పోతాయి.