కార్బురేటర్ శుభ్రం చేసినా ఐడ్లింగ్ నిలవకపోతే

చోక్ లాగితే స్టార్టయిన బండి చోక్ తీసేయగానే ఆగిపోవడం, విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఇంజను పడిపోవడం (అంటే ఐడ్లింగ్ నిలవకపోవడం), 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందు కొన్న, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ ఉన్న బండ్లలో తరచుగా కనిపించే లక్షణాలు. ఇవి కనిపించగానే కార్బురేటర్ విప్పేస్తారు గాని, విప్పకముందు చేయవలసిన అతి సులువైన పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫ్లోట్ బౌల్ (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోలును గాజు సీసాలో పట్టి చూడండి. సీసా అడుగున వేరే పొర కనిపిస్తే అది నీరు. ఇప్పుడు దొరికే పెట్రోలులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మితిమీరితే ఆ ఇథనాల్ కూడా నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు ముంపులో నానిన బండి అయితే ఈ పరీక్ష తప్పనిసరి. నీరు ఉంటే ట్యాంకు కూడా ఖాళీ చేయాలి, లేకపోతే అదే నీరు మళ్లీ దిగుతుంది. పెట్రోలే సరిగా రాకపోతే ట్యాంకు మూత తెరిచి చూడండి. అప్పుడు ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట.

పెట్రోలు శుభ్రంగా వస్తూ, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ బాగుంటే, అప్పుడు పైలట్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు అందించే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రంలోకి సూదిగాని ఇనుప తీగగాని పెట్టకూడదు, ఎందుకంటే మెత్తని ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. క్లీనర్ స్ప్రే, గాలి చాలు. మిక్చర్ స్క్రూ (ఐడ్లింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు సర్దేది) తీసేముందు, అది పూర్తిగా లోపలికి వెళ్లడానికి ఎన్ని చుట్లు పట్టిందో రాసి ఉంచుకోండి.

ఇంతా చేశాక కూడా యాక్సిలరేటర్ వదిలితే ఇంజను వేగం వెంటనే దిగకుండా పైనే ఉండి, ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోతుంటే, చాలామంది స్క్రూలు తిప్పుతూ రోజులు గడుపుతారు. ముందు హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడండి. వేగం మారితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుతుగా ఉంది. మారకపోతే దోషం కార్బురేటర్ లోపల కాదు, దానికీ ఇంజనుకూ మధ్య ఉన్న గొట్టం (మానిఫోల్డ్) దగ్గర ఉందని అనుమానించాలి. అక్కడి ఓ-రింగ్ (గాలి దూరకుండా ఆపే రబ్బరు వలయం) గట్టిపడి చదునైతే, లేదా మానిఫోల్డ్ రబ్బరు పగిలితే, కార్బురేటర్‌తో నిమిత్తం లేని గాలి లోపలికి చేరి మిశ్రమాన్ని పలచబరుస్తుంది. థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి ద్వారం) మూసి ఉన్నప్పుడు ఇంజను పీల్చే గాలే కొద్దిగా ఉంటుంది కనుక అందులో ఈ దొంగ గాలి వాటా ఎక్కువ. థ్రాటిల్ తెరిస్తే ఆ వాటా లెక్కలోకి రాదు. అందుకే గుంటూరు హైవే మీద హాయిగా పరుగెత్తిన బండి ఊళ్లోకి రాగానే మొరాయిస్తుంది, యజమాని మళ్లీ పైలట్ జెట్‌నే అనుమానిస్తాడు.

ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా మానిఫోల్డ్ అతుకుల మీద సబ్బు నీరు కొద్దికొద్దిగా స్ప్రే చేయండి. ఇంజను శబ్దం మారిన చోటే గాలి దూరుతోంది. ఈ పరీక్షకు పెట్రోలు, క్లీనర్ వాడవద్దు, వేడి ఇంజను మీద మంట లేచే ప్రమాదం ఉంది. పగిలిన రబ్బరును మార్చడమే మార్గం. ఆటోనగర్‌లో కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి సరిపోల్చుకోండి. ఓ-రింగ్ కొత్తది వేసినా గాలి ఆగకపోతే, బోల్టులను అతిగా బిగించడం వల్ల ఫ్లాంజ్ (బోల్టులు పట్టే అంచు) వంగి ఉండవచ్చు. గాజు పలక మీద సన్నని ఎమరీ కాగితం పరిచి ఫ్లాంజ్ ముఖాన్ని చదును చేసి, రెండు బోల్టులనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. సిలికాన్ జిగురు పూయవద్దు. పెట్రోలుకు అది ఉబ్బి ముక్కలుగా ఇంజనులోకి వెళ్లవచ్చు.

సర్దుబాటు ఆ తరువాతే, అదీ ఇంజను బాగా వేడెక్కాక. మిక్చర్ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే బయటకు తిప్పినకొద్దీ మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వైపు ఉంటే చిక్కబడుతుంది. రాసుకున్న చుట్ల దగ్గర మొదలుపెట్టి, ఇంజను అత్యధిక వేగంతో నిలకడగా తిరిగే చోట ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో వేగం తగ్గించుకోండి.

డయాఫ్రమ్ చిరగడం, మెయిన్ నీడిల్ అరగడం అరుదు, వాటితో మొదలుపెట్టకండి. ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు కారుతుంటే మాత్రం ట్యాప్ మూసి ఫ్లోట్ నీడిల్ (ఫ్లోట్ బౌల్ నిండగానే పెట్రోలును ఆపే సూది) చూడండి, ఇంజను ఆయిల్‌లో పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చేవరకు బండి స్టార్ట్ చేయవద్దు.