నట్టల మందు పట్టించే ముందు

వానలు మొదలయ్యాక పచ్చిక నిండా నట్టల (కడుపులో చేరే పురుగుల) లార్వాలే. గొర్రెలకు, మేకలకు మందు సీసా మూత తీసేలోపు ఇవి చూసుకోండి.

- చూలు గొర్రెలను వేరు చేయండి. మొదటి నెల చూలులో ఆల్బెండజోల్ అనే నట్టల మందు పడితే పిల్ల అవకరంతో పుట్టొచ్చు, ఈసుకుపోనూ (గర్భం పోనూ) వచ్చు. పొట్టేలును ఎప్పుడు కలిపారో తెలియకపోతే ఈ మందు వద్దు, పశువైద్యుణ్ణి అడిగి వేరేది వాడండి.

- బరువు తూచండి. మోతాదు చాలకపోతే మందును తట్టుకున్న నట్టలే మిగిలి పెరుగుతాయి. లెవమిసోల్ అనే మందు అయితే ఎక్కువైనా ప్రమాదమే.

- కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా ఉందా, తెల్లగా పాలిపోయిందా? పాలిపోతే రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్ట ఉందని అనుమానించాలి, దానికి మందు ఆపొద్దు. నిగనిగలాడుతున్న వాటికి కూడా ఊరికే పట్టించడం నాకు నచ్చదు. మందుకు లొంగని నట్టలు తయారయ్యేది అలాగే.

- పేడ నమూనా మందుకు ముందే తీయండి. నేల మీద పడింది కాదు, చేతొడుగు వేసుకుని మలద్వారం నుంచి తీసింది. చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. వేడిలో ఉంటే అందులోని నట్టల గుడ్లు పొదిగి లెక్క తప్పుతుంది. మందు పట్టించిన 10–14 రోజులకు మళ్ళీ పరీక్ష చేయించండి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే మందు పనిచేయడం లేదేమోనని అనుమానించాల్సిందే.

- తల మరీ పైకెత్తొద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

- పాలు, మాంసం ఎన్నాళ్ళు వాడకూడదో సీసా మీద ఉంటుంది, చదవండి.