నిద్రపట్టాక పాటలు వాటంతటవే ఆగాలంటే

రాత్రి పాటలు వింటూ నిద్రపోతే ఫోన్ తెల్లవార్లూ పాడుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో వింటుంటే 320 కేబీపీఎస్ (హై) క్వాలిటీలో గంటకి దాదాపు 144 ఎంబీ డేటా, అంటే ఏడు గంటలకి 1 జీబీ ఖర్చవుతుంది. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే పొద్దున లేచేసరికి మిగిలేది సగం కూడా కాదు.

ఐఫోన్‌లో క్లాక్ యాప్ తెరిచి టైమర్‌లో 30 నిమిషాలు పెట్టండి. ‘వెన్ టైమర్ ఎండ్స్’ నొక్కి, జాబితాలో అట్టడుగున ఉండే ‘స్టాప్ ప్లేయింగ్’ ఎంచుకుని స్టార్ట్ చేయండి. పాట ఏ యాప్‌లో నడుస్తున్నా టైం అవగానే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే చాలా పాటల యాప్‌లలోనే ‘స్లీప్ టైమర్’ ఉంటుంది, పాట మెనూలో వెతకండి.

ఒక్క జాగ్రత్త. ఐఫోన్ ఈ సెట్టింగ్‌ని గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు పొయ్యి మీద పప్పు పెట్టి అదే టైమర్ వాడితే టైం అయినా మోగదు, పప్పు మాడుతుంది. ముందు ఏదో ఒక రింగ్‌టోన్‌కి మార్చి, ఆ తర్వాతే స్టార్ట్ నొక్కండి. పొద్దుటి అలారం మాత్రం ఎప్పటిలాగే మోగుతుంది.